మాన్ ద్వీపపు తోకలేని పిల్లి

పిల్లికి తోక కేవలం అలంకారం కాదు. సన్నని గోడ అంచున నడిచేటప్పుడు అది త్రాసుముల్లువలె అటూ ఇటూ ఊగి శరీరపు బరువును సరిచేస్తూ ఉంటుంది. కుక్క ఎదురైతే పీచువలె ఉబ్బి దాని భయాన్నీ, కోపాన్నీ వెల్లడిస్తుంది. పాలగిన్నె కనిపిస్తే నిట్టనిలువుగా లేచి సంతోషాన్ని చాటుతుంది. ఇన్ని పనులకు అక్కరకు వచ్చే ఈ అవయవం బొత్తిగా లేకుండానే పుట్టి, ఎలుకలను వేటాడి, చెట్లెక్కి, పిల్లలను కని పెంచే పిల్లిజాతి ఒకటి కలదు. దాని పేరు మాంక్స్. ఇంగ్లండుకు, ఐర్లండుకు నడుమనున్న ఐరిష్ సముద్రంలోని మాన్ ద్వీపం దాని పుట్టినిల్లు. ఈ పిల్లి ప్రదర్శనలలో బహుమతులందుకొన్న మాట నిజమే గాని, దాని అసలు చరిత్ర ప్రదర్శనశాలల్లో లేదు. తల్లిదండ్రుల గుణాలు బిడ్డలకు ఎట్లా సంక్రమిస్తాయన్న ప్రశ్న చుట్టూ దాదాపు రెండువందల ఏండ్లు నడిచిన చర్చలో ఈ పిల్లి మాటిమాటికీ సాక్షిగా నిలబడింది. ఆ సాక్ష్యాన్ని ఒక్కొక్క తరంవారు ఒక్కొక్క విధంగా చదివారు.

మాన్ ద్వీపం చిన్నది. వైశాల్యం సుమారు 572 చదరపు కిలోమీటర్లు. ముఖ్యపట్టణం డగ్లస్. బ్రిటిష్ రాజరికానికి లోబడినదైనా స్వంత శాసనసభ, స్వంత చట్టాలు గల ప్రాంతమది. దాని పతాకంపై ఒకే చోట కలిసిన మూడు కాళ్ల గుర్తు ఉంటుంది. కాళ్లు మూడున్న మనిషిని పతాకానికెక్కించిన దేశంలో తోకలేని పిల్లి పుట్టటం వింతేమీ కాదని యాత్రికులు వేళాకోళం చేసేవారేమో. ద్వీపవాసుల పాతభాషలో ఈ పిల్లికి ‘స్టబ్బిన్’ అని పేరు. అక్కడి రైతులకు అది ముద్దుకోసం పెంచే జంతువు కాదు. ధాన్యపు కొట్లలో ఎలుకలు పట్టే పనిమనిషి.

ఎట్లా పుట్టిందన్న కథలు

తోక ఎందుకు లేదన్న ప్రశ్నకు జానపదులు ఎన్నో సమాధానాలు చెప్పుకొన్నారు. మహాప్రళయ కాలంలో నోవా ఓడలోకి పిల్లి అందరికన్న చివర వచ్చిందట. తలుపు మూసేటప్పుడు దాని తోక నలిగి తెగిపోయిందట. మరొక కథలో దండెత్తి వచ్చిన సైనికులు తమ శిరస్త్రాణాలకు కుచ్చుగా కట్టుకొనటానికి పిల్లిపిల్లల తోకలు కోసుకొని పోయేవారట. ఆ బాధ చూడలేక తల్లిపిల్లులు పిల్లలు పుట్టగానే తోకలు తామే కొరికివేయసాగాయట. 1588లో ఇంగ్లండుపై దండెత్తి చెదిరిపోయిన స్పెయిను నౌకాదళంలోని ఒక ఓడ ద్వీపపు దక్షిణతీరాన పగిలిపోగా, అందులోని తోకలేని పిల్లులు ఈదుకుంటూ ఒడ్డు చేరాయన్నది ఇంకొక కథ. ఈ మూడవది చరిత్రవలె వినిపిస్తుంది గాని, ఆ దళపు ఓడ ఏదీ అక్కడ మునిగినట్లు నిదర్శనం లేదు. స్పెయినులోనైనా అట్టి పిల్లిజాతి ఒకటి ఉండేదని ఎవరూ చూపలేదు.

నాలుగవ సమాధానం చదువుకొన్నవారు చెప్పినది. మాంక్స్ పిల్లి వెనుకకాళ్లు ముందుకాళ్లకన్న పొడవు. పిరుదులు గుండ్రంగా ఎత్తుగా ఉంటాయి. పరుగెత్తేటప్పుడు కొన్ని పిల్లులు కుందేలువలె రెండు వెనుకకాళ్లనూ ఒక్కసారి ఎత్తి గెంతుతాయి. అందుచేత ఇది పిల్లికి, కుందేలుకు పుట్టిన సంకరజాతి అని ఊహించారు. 1845లో ద్వీపచరిత్ర ప్రకటించిన జోసెఫ్ ట్రెయిన్ ఆ ఊహకు తన గ్రంథంలో చోటిచ్చాడు. పిల్లి మాంసాహార క్రమానికి చెందినది; కుందేలు వేరొక క్రమానికి చెందిన శాకాహారి. అంత దూరపు జీవుల బీజకణాలు కలిసి పిండంగా ఎదగటం అసంభవమని ఉన్నత పాఠశాల విద్యార్థి నేడు సులభంగా చెప్పగలడు. ఐనా ట్రెయిన్‌ను చూసి నవ్వనక్కరలేదు. ఆయన జంతువును కళ్లతో చూసి, దాని నడకను గమనించి, ఆ నడకకు కారణం వెతికాడు. కారణం తప్పినా గమనిక తప్పలేదు. ఆ గెంతుడు నడక ఎందుకు వస్తుందో ముందుముందు చూడగలం. అది నవ్వులాట విషయం కాదు.

డార్విన్ లెక్క

1868లో డార్విన్ పెంపుడు జంతువులలోను, మొక్కలలోను కలిగే వైవిధ్యాన్ని గూర్చి రెండు సంపుటాల గ్రంథం ప్రకటించాడు. అందులో మాంక్స్ పిల్లి ప్రస్తావన ఉన్నది. విల్సన్ అనే వైద్యుడు తోకలేని మగపిల్లిని మామూలు ఆడపిల్లులతో కలిపితే పుట్టిన 23 పిల్లలలో 17 తోక లేకుండా పుట్టాయి. ఇందుకు మారుగా తోకలేని ఆడపిల్లిని మామూలు మగపిల్లులతో కలిపితే పుట్టిన పిల్లలన్నిటికీ తోకలున్నాయి. ఐతే అవి చాలావరకు పొట్టివి, అసంపూర్ణమైనవి. తన గుణాన్ని సంతతిపై ముద్రించే శక్తి కొన్ని జంతువులలో ఎక్కువగా ఉంటుందనీ, ఇక్కడ మగదానిలో ఆ శక్తి అధికమనీ డార్విన్ భావించాడు.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ అంకెలను నల్లబల్లపై వ్రాసి విద్యార్థులను ఆలోచింపజేయవచ్చును. 23లో 17 అంటే నాలుగింట మూడు వంతులకు దగ్గర. మెండెల్ బఠానీ ప్రయోగాలు అప్పటికి రెండేళ్ల క్రితమే, 1866లో అచ్చైనాయి. ఆయన లెక్క తెలిసినవాడు వెంటనే 3:1 అని కేక వేస్తాడు. అది తొందరపాటు. తోకలేని పిల్లిని తోకగల పిల్లితో కలిపినప్పుడు రావలసిన నిష్పత్తి 3:1 కాదు, సగానికి సగం. 23లో పదకొండో పన్నెండో తోకలేనివి కావాలి. పదిహేడు వచ్చినాయంటే లెక్క ఒక పక్కకు బాగా మొగ్గినట్లే. ఇరవైమూడు పిల్లలు చాలా తక్కువ సంఖ్య అన్నది ఒక కారణం. ‘మామూలు’ పిల్లులనుకొన్న తల్లులలో ఆ గుణం దాగి ఉండవచ్చునన్నది మరొకటి. అన్నిటికన్న ముఖ్యమైనది మూడవది: తోక ‘ఉన్నది’, ‘లేదు’ అని రెండు పెట్టెల్లో సర్దటానికి మాంక్స్ పిల్లి ఒప్పుకోదు. రెండవ సంకరణంలో పుట్టిన పొట్టితోకల పిల్లలు తోకగలవని డార్విన్ లెక్కించాడు. నేటి జన్యుశాస్త్రజ్ఞుడు వాటిని కూడ మాంక్స్ గుణం సంక్రమించినవాటిలోనే కలుపుతాడు. అప్పుడు ఆడ, మగ తేడా తనంతట తానే మాయమవుతుంది.

అదే గ్రంథం చివర డార్విన్ అనువంశికతకు ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. శరీరంలోని ప్రతి భాగమూ సూక్ష్మకణికలను వెదజల్లుతుందనీ, అవి బీజకణాలలో చేరి సంతతిలో మళ్లీ ఆయా భాగాలుగా మొలుస్తాయనీ ఆయన ఊహ. అట్లాగైతే తోక తెగిన పిల్లి శరీరం తోక కణికలను పంపలేదు గదా! తోకలు కోసిన సైనికుల కథకు శాస్త్రం తలుపు కొంచెం తెరిచినట్లైంది.

వైజ్‌మాన్, ఎలుకల తోకలు

1887లో జర్మనీలోని వీస్‌బాడెన్ నగరంలో ప్రకృతి శాస్త్రజ్ఞుల సభ జరిగింది. అక్కడ జఖారియాస్ అనే శాస్త్రజ్ఞుడు తోకలేని పిల్లిపిల్లలను ప్రదర్శించాడు. వాటి తల్లి తోక బండిచక్రం కింద పడి తెగిపోయిందనీ, ఆ నష్టమే పిల్లలకు సంక్రమించిందనీ ఆయన వాదం. జీవితకాలంలో శరీరానికి కలిగిన మార్పులు సంతతికి చేరుతాయన్నది లామార్క్ నాటి నుంచి వస్తున్న నమ్మకం. దానికి కంటికి కనిపించే ఋజువు దొరికిందని చాలామంది ఆనందించారు.

ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆగస్ట్ వైజ్‌మాన్ మాత్రం ఆనందించలేదు. బీజకణాల పరంపర వేరు, దేహకణాల పరంపర వేరు అని ఆయన బోధించేవాడు. బీజద్రవ్యం తరం నుంచి తరానికి ఎడతెగక ప్రవహిస్తుంది. దేహం దానిని మోసే పాత్ర మాత్రమే. పాత్ర అంచు విరిగితే లోపలి ద్రవ్యం మారదు. 1888లో కొలోన్ నగరంలో చేసిన ఉపన్యాసంలో ఆయన పిల్లుల వాదాన్ని ఒక్కొక్క పోగుగా విప్పాడు. తల్లి తోక సంగతి అందరూ చెప్పారు. తండ్రి ఎవరని ఎవరైనా అడిగారా? తోకలేని పిల్లులు స్వతహాగా పుట్టే జాతి మాన్ ద్వీపంలో ఉన్నప్పుడు, అట్టి తండ్రి ఆ చుట్టుపక్కల లేడని ఎట్లా నిర్ణయిస్తారు? ఆయన చెప్పిన ఉదాహరణ ఆయన ఊరికి దగ్గరిదే. నల్ల అడవుల అంచున వాల్డ్‌కిర్క్ అనే చిన్న పట్టణంలో తోకలేని పిల్లలు పుడుతూ ఉండేవి. కారణం వెతకగా, కొంతకాలం క్రితం అక్కడ ఒక ఇంటివారి దగ్గర మాన్ ద్వీపం నుంచి తెచ్చిన మగపిల్లి ఉండేదని తేలింది.

వాదంతో ఊరుకోక ఆయన ప్రయోగానికి పూనుకొన్నాడు. తెల్ల ఎలుకల తోకలు కోసి, వాటిని కలిపి, పుట్టినవాటిలో కొన్నిటి తోకలు కోసి, మళ్లీ కలుపుతూ పోయాడు. ఐదు తరాల తోకకోసిన తల్లిదండ్రులకు 901 పిల్లలు పుట్టాయి. వాటిలో ఒక్కదానికైనా తోక లోపించలేదు, పొట్టిదైనా కాలేదు. మన ఇండ్లలో ఎన్నో తరాలుగా ఆడపిల్లలకు చెవులు కుట్టిస్తున్నాం. కుట్టిన చెవులతో ఏ పాపైనా పుట్టిందా అని ఉపాధ్యాయులు అడిగే ప్రశ్న కూడ ఈ తర్కమే.

ఈ ప్రయోగాన్ని లామార్క్ వాదానికి పూర్తి ఖండనగా పాఠ్యపుస్తకాలు చెబుతుంటాయి. కొంచెం నిదానించాలి. లామార్క్ చెప్పింది జంతువు తన అవసరంకొద్దీ వాడిన, వాడని అవయవాలను గూర్చి. కత్తితో కోసిన తోకను గూర్చి కాదు. వైజ్‌మాన్ ఖండించింది కోతలు, గాయాలు సంక్రమిస్తాయన్న ప్రచారాన్ని. ఆ మేరకు ఆయన విజయం సంపూర్ణం. తోకలేని పిల్లి ఆనాటితో ప్రమాదాల జాబితాలోనుంచి తప్పుకొని, పుట్టుకతో వచ్చే మార్పుల జాబితాలో స్థిరపడింది.

నాలుగవ వంతు ఎక్కడికి పోయింది?

1900లో మెండెల్ సూత్రాలు తిరిగి వెలుగులోకి వచ్చిన పిదప జంతువుల పెంపకందార్ల పద్దులకు కొత్త విలువ వచ్చింది. మాంక్స్ పెంపకందార్లకు అప్పటికే తెలిసిన సంగతి ఒకటున్నది. తోకలేని రెండు పిల్లులను ఎన్ని తరాలు కలిపినా, తోకగల పిల్లలు పుడుతూనే ఉంటాయి. జాతి ఎన్నటికీ శుద్ధం కాదు. పైగా అట్టి జంటల ఈతలో పిల్లల సంఖ్య మామూలుకన్న తక్కువ.

మాంక్స్ జన్యువును ‘మా’ అనీ, సాధారణ జన్యువును ‘సా’ అనీ గుర్తుపెట్టుకొందాం. ప్రతి పిల్లికి ఈ స్థానంలో రెండు ప్రతులుంటాయి. ‘మా’ బహిర్గత గుణం. ఒక్క ప్రతి ఉన్నా తోకపై దెబ్బ పడుతుంది. కాబట్టి తోకలేని పిల్లి ‘మా-సా’. అట్టి రెండింటిని కలిపితే మెండెల్ లెక్క ప్రకారం నాలుగింట ఒకటి ‘మా-మా’, రెండు ‘మా-సా’, ఒకటి ‘సా-సా’ కావాలి. అంటే మూడు తోకలేనివి, ఒకటి తోకగలది. నిజంగా పుట్టేవి మాత్రం 2:1 నిష్పత్తికి దగ్గరగా ఉంటాయి. ‘మా-మా’ పిల్లలు కనబడవు. అవి తల్లి గర్భంలోనే, పిండదశ తొలినాళ్లలోనే నశిస్తాయి. ఈత చిన్నదగుటకు కారణం అదే.

ఇట్టి లెక్క మొదట ఎలుకలలో బయటపడింది. ఫ్రాన్సులో క్యూనో 1905లో పసుపురంగు ఎలుకలు ఎన్నడూ శుద్ధజాతిగా నిలువవని గమనించాడు. 1910లో కాజిల్, లిటిల్ అనే అమెరికనులు రెండు ప్రతులు వచ్చిన పిండాలు బ్రతకవని వివరించారు. ఒక్క ప్రతి ఉంటే రంగునో, రూపాన్నో మార్చి, రెండు ప్రతులుంటే ప్రాణం తీసే ఇట్టి జన్యువులను ప్రాణాంతక జన్యువులంటారు. మాంక్స్ కుటుంబాల లెక్కలను 1960 దశకంలో నీల్ టాడ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు పరిశీలించి, ఈ పిల్లి కూడ ఆ కోవలోనిదేనన్న అభిప్రాయాన్ని బలపరిచాడు.

ఇక్కడ విద్యార్థి ఒక చిక్కును గమనించాలి. ‘మా-సా’ పిల్లులన్నీ ఒకేలా ఉండవు. పెంపకందార్లు వాటికి పేర్లు పెట్టారు. తోక ఉండవలసినచోట గుంట మాత్రమే ఉన్నది ‘రంపీ’. చర్మం కింద చిన్న ఎముక ఉబ్బు తగిలేది ‘రైజర్’. మొండితోక గలది ‘స్టంపీ’. దాదాపు పూర్తి తోక గలది ‘లాంగీ’. ఒకే తల్లి ఒకే ఈతలో ఈ నాలుగు రకాలనూ ఈనవచ్చును. లాంగీ తోక చూసి మామూలు పిల్లి అని మోసపోతే, మరుసటి తరంలో రంపీ పుట్టి ఆశ్చర్యపరుస్తుంది.

వీటిలో ప్రదర్శనలకు పనికివచ్చేది రంపీ. 1871లో లండనులోని క్రిస్టల్ ప్యాలెస్‌లో పిల్లుల పెద్ద ప్రదర్శన జరిగిన పిదప బ్రిటనులో జాతిపిల్లుల మోజు పెరిగింది. 1901లో మాంక్స్ పిల్లులకంటూ ఒక సంఘం వెలసింది. గుండ్రని తల, బలిసిన బుగ్గలు, పొట్టి వీపు, ఎత్తైన పిరుదులు, రెండు పొరల దట్టమైన జూలు ఈ జాతికి లక్షణాలుగా నిర్ణయించారు. రంగుకు పట్టింపు లేదు. పొడవు జూలు గల రకాన్ని 1960 దశకంలో కెనడాలో వేరుచేసి ‘సిమ్రిక్’ అన్నారు. ఆ మాటకు ‘వేల్సు దేశపు’ అని అర్థం. ఆ పిల్లికి, వేల్సుకు మాత్రం ఏ సంబంధమూ లేదు. మాన్ ద్వీప ప్రభుత్వం జాతి అంతరించకుండా ఒక పెంపకశాల స్థాపించి, డగ్లస్ నగరంలోని నోబుల్స్ పార్కులో చాలాకాలం నడిపింది, నేడది లేదు. 1970లో ద్వీపపు క్రౌను నాణెంపై ఈ పిల్లి బొమ్మ వేశారు. నాణెంపై వెలిసినంత సులభంగా ఊళ్లో కొనసాగటం దానికి కుదరలేదు. శుద్ధజాతిగా నిలువని జంతువును, ఈతకు కొద్ది పిల్లలనే ఈనే జంతువును పెంచటానికి ఓపికగలవారు కొద్దిమందే. అందుచేత ఇది ఎప్పుడూ అరుదైన జాతిగానే ఉన్నది.

తోకతో ఆగని లోపం

వెన్నెముకను పూసల దండతో పోలిస్తే, తోక ఆ దండకు చివరి కొస. పిల్లికి మెడలో 7, ఛాతీలో 13, నడుములో 7, కటివలయంతో కలిసిపోయిన త్రిక భాగంలో 3 పూసలు, ఆ తరువాత ఇరవై వరకు తోకపూసలు ఉంటాయి. మాంక్స్ జన్యువు దండను కొస నుంచి కురచ చేస్తుంది. ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. తోకపూసలవరకే ఆగితే జంతువు ఆరోగ్యంగా పదేండ్లు, పదిహేనేండ్లు బ్రతుకుతుంది. అది దాటి త్రికపూసలను తాకితే వాటి కమానులు సరిగా మూసుకోవు. వెన్నుపాము చివరిభాగం చెడుతుంది. మూత్రాశయానికి, పురీషనాళానికి, వెనుకకాళ్లకు పోవలసిన నరాలు దెబ్బతింటాయి. అట్టి పిల్లికి మూత్రం నిలువదు. లేదా మలం కదలక పెద్దపేగు ఉబ్బిపోతుంది. వెనుకకాళ్లు విడివిడిగా కదల్చలేక గెంతుతుంది. ట్రెయిన్ కాలంవారు కుందేలు పోలిక అని మురిసిన నడక కొన్ని పిల్లులలోనైనా ఈ రోగపు నడకే. పశువైద్యులు దీనిని మాంక్స్ సంలక్షణం అంటారు. 1979లో కెనడా పశువైద్య పత్రికలో డిఫారెస్ట్, బస్రూర్ ఈ వైకల్యాలను సవిస్తరంగా వర్ణించారు. మనుష్యులలో పుట్టుకతో వచ్చే వెన్నెముక చీలికకు ఇది పోలికగా ఉండటంవల్ల వైద్యపరిశోధకులు కూడ ఈ పిల్లిపై దృష్టి నిలిపారు.

కాబట్టి మాంక్స్ పెంపకమంటే మొదట ఎదురుచూడటం. వైకల్యం చాలావరకు తొలి నాలుగు నెలలలో బయటపడుతుంది; అందుచేత బాధ్యతగల పెంపకందార్లు అంతవరకు పిల్లను ఎవరికీ ఇవ్వరు. తీసుకొనేవారు పిల్ల నడకను, పరుగును, మలమూత్ర విసర్జనను కళ్లారా చూడాలి. వెనుకభాగం ఎప్పుడూ తడిగా ఉన్నా, కాళ్లు జతగా గెంతినా పశువైద్యునికి చూపాలి. ఎత్తుకొనేటప్పుడు ఒక చెయ్యి ఛాతీకింద, మరొకటి పిరుదులకింద ఉంచాలి, తోకమొదలు నొక్కరాదు. మొండితోకగల పిల్లికి వయసు మీరినకొద్దీ ఆ కొద్దిపూసలలో కీళ్లవాపు వచ్చి ముట్టుకొంటేనే బాధపడవచ్చును. మలబద్ధం రాకుండా నీరు ఎక్కువగా చేరే ఆహారం పెట్టాలి. బరువు పెరగనీయరాదు. జూలు రెండు పొరలది గనుక వారానికొకసారైనా దువ్వాలి. మూత్రాశయం స్వాధీనంలో లేని పిల్లికి రోజూ కొన్నిసార్లు పొట్టను మెల్లగా ఒత్తి మూత్రం తీయవలసి వస్తుంది. కొందరు యజమానులు ఏండ్ల తరబడి ఈ సేవ చేస్తున్నారు. ఓపిక లేనిచోట అట్టి పిల్లలకు చిన్నవయసులోనే మరణం విధించటం జరుగుతున్నది.

రంపీని రంపీతో కలపకుండా, తోకగల పిల్లితోనో, స్టంపీతోనో కలపటం మంచిదని అనుభవజ్ఞులు చెబుతారు. తోకగల జోడు ఐతే ‘మా-మా’ పిండాలు ఏర్పడవు గనుక గర్భనష్టమన్నా తప్పుతుంది. స్టంపీ జోడులో ఆ లాభం లేదని మన లెక్కే చెబుతున్నది. తోకగల జోడులోనైనా ఒక్క ప్రతి అందుకొన్న పిల్లలలో ఏది తోకతో ఆగుతుందో, ఏది వెన్నుపాము దాకా పోతుందో ముందుగా చెప్పే ఉపాయం లేదు. ఈ కారణంచేతనే జాతిని కొనసాగించటం న్యాయమా అన్న ప్రశ్న యూరపులో బలంగా వినిపిస్తున్నది. సంతతికి బాధ కలిగించే సంకరణాన్ని జర్మనీ జంతుసంరక్షణ చట్టం నిషేధిస్తుంది. ఆ నిషేధం వర్తించవలసిన జాతులను చర్చించినచోట మాంక్స్ పేరు తప్పక వస్తుంది. రెండువందల ఏండ్లకు పైగా ద్వీపపు పొలాల్లో తనంతట బ్రతికిన జంతువును రోగి అని కొట్టివేయటం తగదని ద్వీపాభిమానులు బదులిస్తారు. ఆ మాటలో కొంత నిజమున్నది. ఐతే పొలంలో పుట్టిన వికలాంగ పిల్లను ఎవరూ లెక్కపెట్టలేదు. ప్రదర్శనకోసం రంపీలనే ఏరి కలిపే చోట లెక్క కనబడుతుంది.

జన్యువు పేరు ‘పొట్టితోక’

మాంక్స్ జన్యువు ఏదన్నది కూడ ఎలుకలే ముందుగా చెప్పాయి. రష్యా నుంచి వచ్చి పారిస్‌లో పనిచేసిన నదేజ్దా దొబ్రొవొల్స్కాయా-జవద్‌స్కాయా అనే శాస్త్రవేత్త ఎలుకలపై ఎక్స్-కిరణాలు ప్రసరింపజేసి, 1927లో పొట్టితోక గల ఒక వంశాన్ని ప్రకటించింది. దీనికి కారణమైన జన్యువును గ్రీకు భాషలో ‘పొట్టితోక’ అనే అర్థంతో బ్రాకీయూరీ అన్నారు. ఇందులోనూ ఒక్క ప్రతితో తోక పొట్టిదౌతుంది. రెండు ప్రతులు వచ్చిన పిండాలు గర్భంలోనే చనిపోతాయని 1935లో చెస్లీ వివరించాడు. వాటిలో పృష్ఠవంశం సరిగా ఏర్పడదు. 1990లో ఈ జన్యువును అణుస్థాయిలో వేరుచేశారు. ఇది ఇతర జన్యువులను నడిపించే ప్రోటీనును తయారుచేస్తుంది. పిండం తల నుంచి కొసకు పెరుగుతూ పోయేటప్పుడు చివరిభాగాలకు ఆ ప్రోటీను కావలసినంత అందాలి. ఒక ప్రతి చెడితే సగమే తయారవుతుంది. సగం మోతాదు మొండెంవరకు సరిపోయి, చివర ఏర్పడే తోక దగ్గర చాలకుండా పోతుంది. ‘చాలకపోవటం’ ఒక్కొక్క పిండంలో ఒక్కొక్కచోట మొదలవుతుంది గనుకనే రంపీ, స్టంపీ, లాంగీ భేదాలు.

2013లో అమెరికా శాస్త్రజ్ఞుల బృందం మాంక్స్ పిల్లులలో ఇదే జన్యువును పరీక్షించింది. తోకలేనివాటిలో, పొట్టితోకవాటిలో ఒకటి కాదు, నాలుగు వేర్వేరు మార్పులు దొరికాయి. ప్రతి మార్పులోనూ జన్యువులోని అక్షరాల వరుస చెదిరి, ప్రోటీను చివరిభాగం తప్పుగా తయారవుతున్నది. అంటే తోక పోవటం ఒక్కసారి జరిగిన అద్భుతం కాదు. అది పలుమార్లు జరిగింది. చిన్న ద్వీపంలో బయటి పిల్లులతో కలయిక తక్కువ గనుక అక్కడ ఆ మార్పు నిలిచి, వ్యాపించి, కంటికి కనబడేంతగా హెచ్చింది.

తోకలు పొట్టివైన పిల్లులన్నీ మాంక్స్ బంధువులు కావు. జపాను దేశపు పొట్టితోక పిల్లికి కారణం హెస్-7 అనే వేరే జన్యువు అని 2016లో తేలింది. దాని రెండు ప్రతులున్నా పిల్లి హాయిగా బ్రతుకుతుంది. ప్రాణాంతక గుణం అందులో లేదు. మన ఊళ్లలో మొండితోకతో తిరిగే పిల్లి కనిపిస్తే, అది ప్రమాదంలో తెగినదో, పుట్టుకతో వచ్చినదో తెలుసుకొనే పద్ధతి వైజ్‌మాన్ చూపినదే: దాని పిల్లలను చూడాలి, వాటి తండ్రిని కూడ విచారించాలి.

కథ ఇటీవల మనుష్యులదాకా వచ్చింది. కోతులకు తోక ఉన్నది. గిబ్బను, ఒరాంగుటాను, గొరిల్లా, చింపాంజీ, మనిషి, వీటికి లేదు. 2024 ఫిబ్రవరిలో ‘నేచర్’ పత్రికలో వెలువడిన పరిశోధన ప్రకారం ఈ తోకలేని వానరాల వంశంలో, సుమారు రెండుకోట్ల యాభైలక్షల ఏండ్ల క్రితం, బ్రాకీయూరీ జన్యువు మధ్యలో ‘ఆలు’ అనే చిన్న డి.ఎన్.ఏ. ముక్క ఒకటి వచ్చి చేరింది. దానివల్ల జన్యుసందేశంలో ఒక భాగం కొన్నిసార్లు తప్పిపోయి, ప్రోటీను కురచగా తయారవుతుంది. ఆ కురచ రూపం తయారయ్యేటట్లు మార్చిన ఎలుకలలో కొన్ని పొట్టితోకతో, కొన్ని బొత్తిగా తోక లేకుండా పుట్టాయి. వాటిలో కొన్నిటికి వెన్నుపాము సరిగా మూసుకోలేదు.